రాతిగుట్ట ఎక్కడంపై నిషేధం: అధికారులను ఒప్పించే దారి ఉందా?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గరి పల్లె. ఊరి పక్క రాతిగుట్టపై అయిదేళ్లుగా తాళ్ల సాయంతో ఎక్కడం, దిగడం సాధన చేస్తున్నాం. ఇటీవల బయటి నుంచి వచ్చిన ఒక కుర్రాడు తాడు లేకుండా ఒంటరిగా ఎక్కి, జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాంతో ఆర్డీవో గారు గుట్ట ఎక్కడాన్ని నిషేధించారు. ఇక శాశ్వతంగా మూసేస్తారని అంటున్నారు. మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: మీరు పంపిన ఉత్తర్వు ఫొటో చదివాను. పాత 144వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆర్డీవో గారు దాన్ని జారీ చేశారు. మనుషుల ప్రాణాలకు ముప్పు ఉందని భావించినప్పుడు అలాంటి ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. అయితే అందులో ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అని రాశారు. ఈ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వు రెండు నెలలకు మించి చెల్లదు. ఆపైన రాష్ట్ర ప్రభుత్వం మాత్రమే, అదీ గరిష్ఠంగా మరో ఆరు నెలల వరకు, పొడిగించగలదు. కాబట్టి ఈ సెక్షన్‌తో గుట్టను శాశ్వతంగా మూయడం కుదరదు. ఇలాంటి ఉత్తర్వులో ఆధారమైన వాస్తవాలు కనిపించాలని, అలాంటి ఉత్తర్వులనే మళ్లీ మళ్లీ జారీ చేయడం అధికార దుర్వినియోగమని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో స్పష్టం చేసింది.

అర్జీ రాయడానికి ముందు ఆ గుట్ట ఏ శాఖదో తేల్చుకోండి. సర్వే నంబరుతో తహసీల్దారు కార్యాలయంలో చూస్తే, అది గుట్ట పోరంబోకు అయిన పక్షంలో మీ మాట రెవెన్యూ అధికారులతోనే. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం హద్దులోకి వస్తే మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి పత్రం తప్పనిసరి. పర్యాటకం కోసమూ దాన్ని కోరవచ్చు, కానీ ఆర్డీవో ఇవ్వలేరు.

రెవెన్యూ భూమి అయితే, ఉత్తర్వును రద్దు చేయాలని గానీ సవరించాలని గానీ అదే ఆర్డీవో గారికి అర్జీ పెట్టండి. చట్టం ప్రకారం ఆయన మీకు స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ త్వరగా వాదన వినిపించే అవకాశం ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. చాలామంది ఈ హక్కు సంగతి తెలియకనే హైకోర్టు మాట ఎత్తుతారు.

ఆ కుర్చీలో కూర్చున్న అధికారిని వేధించేది ఒకటే: రేపు మరొకరు పడితే జవాబు ఎవరు చెప్పాలి? దానికి సమాధానం మీ అర్జీలోనే ఉండాలి. తాడు, హెల్మెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వమని, ఒంటరిగా ఎక్కడాన్ని, వాన కురిసిన రోజున ఎక్కడాన్ని మీరే నిషేధిస్తామని, ప్రతి ఒక్కరి పేరు రిజిస్టరులో రాస్తామని హామీ ఇవ్వండి. గాయపడినవారిని స్ట్రెచర్‌పై ఏ దారిన రోడ్డుకు దించుతారో, 108 ఎక్కడ ఆగాలో, రుయా ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో చేతిగీత పటంతో చూపండి. రాతిలో దిగగొట్టిన బోల్టుల్లో తుప్పు పట్టినవాటిని ముందే మార్చి, మార్చిన తేదీలతో ఫొటోలు జతపరచండి. తుప్పు పట్టిన ఒక్క బోల్టు ఎవరి కంట పడినా మీ హామీలన్నీ వీగిపోతాయి. గుట్ట కింద గుడి ఉంటే జాతర రోజుల్లో సాధన ఆపుతామని పెద్దలతో మాట్లాడి, పంచాయతీ తీర్మానం తెచ్చుకోండి. ఊరి మద్దతు లేని అర్జీని ఏ అధికారి అయినా అనుమానంగానే చూస్తారు.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ప్రభుత్వ గురుకుల విద్యార్థులని, వారు భువనగిరి రాతికొండపైనే మొదటి పాఠాలు నేర్చుకున్నారని కూడా రాయండి. పర్యవేక్షణ ఉంటే ఈ క్రీడను ప్రభుత్వమే పిల్లలకు నేర్పించిందనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నిర్ణయం వచ్చేదాకా దయచేసి గుట్ట ఎక్కకండి. ఉత్తర్వును ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. మనిషి ప్రాణానికి ముప్పు కలిగించినట్లు తేలితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. పైగా మీరు ఒక్కసారి ఎక్కినా మీ హామీలను ఎవరూ నమ్మరు.

అర్జీపై స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ ఫలితం లేకుంటే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. మీ ఫొటోలో కాగితం మడత పడి ఉత్తర్వు తేదీ కనిపించడం లేదు. రెండు నెలల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది కనుక, ధ్రువీకరించిన ప్రతి కోసం ఈ వారంలోనే దరఖాస్తు చేసుకోండి.