చలికాలమని ఏసీ ఆపొద్దు అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆదిలాబాద్‌లో చలి ముదిరిందని, సాంత్రోలో ఏసీ ఇక ఉగాది దాకా ముట్టుకోనని అమ్మతో అన్నావట. ఆ పని మాత్రం చేయకు. పాత బండి ఏసీ వాడకపోయినా పాడవుతుంది.

ఇంజిన్‌కి పోసినట్టు, ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌కి మనం అప్పుడప్పుడూ ఆయిల్ పోయం కదా. దానికి కావలసిన ఆయిల్ గ్యాస్‌తో కలిసే పైపుల్లో తిరుగుతుంది. ఏసీ వేస్తేనే ఆ జిడ్డు కంప్రెసర్ షాఫ్ట్ దగ్గర గ్యాస్ బయటికి పోకుండా ఆపే సీలుకి అందుతుంది. నెలల తరబడి ఆపేస్తే సీలు ఎండిపోయి, గ్యాస్ మెల్లగా జారిపోతుంది. తీరా ఎండలు ముదిరాక స్విచ్ నొక్కితే వేడిగాలి కొడుతుంది.

అందుకని వారానికోసారి పది నిమిషాలు వెయ్యి. తెల్లవారుజామున వద్దు, ఎండెక్కాక వెయ్యి. చల్లగాలికి కూలింగ్ కాయిల్ తొందరగా చల్లబడి కంప్రెసర్ మాటిమాటికీ ఆగిపోతుంది. బ్లోయర్ తిరుగుతోంది కదా అనుకుంటే చాలదు. బానెట్ కింద ‘టక్’మని వినపడాలి, ఇంజిన్ మీద కాస్త బరువు పడినట్టు తెలియాలి. అప్పుడే కంప్రెసర్ తిరిగినట్టు లెక్క. చలేస్తే హీటర్ కూడా పెట్టుకో, రెండూ కలిపి వాడొచ్చు.

పొద్దున్నే అద్దం లోపలివైపు మసకేసినా ఇదే మందు. గాలి అద్దం మీదకి తిప్పి, బయటి గాలి లోపలికొచ్చేలా పెట్టి, రెండూ వెయ్యి. కాయిల్ గాలిలోని తేమను లాగేస్తుంది, అద్దం తేటపడుతుంది. నిర్మల్ ఘాట్ మలుపుల్లో నువ్వు ఒక చేత్తో అద్దం తుడుస్తూ నడుపుతావేమోనని నాకు ఒకటే టెన్షన్.

మీ దగ్గర ఇప్పుడు పత్తి బళ్ల సీజన్. ఆ దూది, దుమ్ము బండి ముందు భాగంలో ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి. ఇంజిన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో కడుగు. ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి. బ్లోయర్ వేయగానే చెత్త ఎగిరినా, గరగర వినిపించినా ఎలుక గూడు పెట్టిందేమో చూపించు. చలికి అవి వెచ్చగా ఉంటుందని బండిలో దూరతాయి, వైర్లూ కొరుకుతాయి.

ఇక గ్యాస్ సంగతి. ఏటా గ్యాస్ పెట్టించడం మామూలే అని ఎవరన్నా నమ్మకు. పెట్రోల్‌లా ఖర్చైపోయేది కాదది. కూలింగ్ బాగా తగ్గి, గ్యాస్ లేదని తేలితే ఎక్కడో లీకుందన్నమాట. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా చెమర్చుతుంది కాబట్టి, పైపుల జాయింట్ల దగ్గర దుమ్ము జిడ్డుగా పట్టి నల్లబడితే అనుమానించు. ముందు లీకు మాన్పించి, వాక్యూమ్ పట్టించి, అంటే మెషీన్‌తో లోపలి గాలి లాగించి, ఆ తర్వాతే గ్యాస్ నింపించు. వాక్యూమ్ పట్టకపోతే గాలీ తేమా లోపలే ఉండిపోతాయి. నీ బండికి ఆర్‌134ఏ గ్యాస్, తూకం ప్రకారమే పట్టించు. చౌకగా వస్తుందని మండే గ్యాస్ కలిపింది ఎక్కించనివ్వకు. అది లీకైతే నిప్పంటుకునే ప్రమాదం ఉంది, పిల్లలు కూర్చునే బండి.

ఈ ఆదివారం బానెట్ ఎత్తి జాయింట్లు చూడు. ఎక్కడైనా జిడ్డు కనిపిస్తే ఫొటో తీసి పంపు, మెకానిక్‌తో ఏం చెప్పాలో ఫోన్‌లో మాట్లాడదాం.

మీ మామయ్య