కేకలేసే బాస్ వేరు, దొంగ సంతకం అడిగే బాస్ వేరు

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రాశారు. వాళ్లమ్మాయికి 26 ఏళ్లు, ఎంబీఏ ఫైనాన్స్ చదివింది. రెండేళ్లుగా విజయవాడలో, బండ్లకు అప్పులిచ్చే ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో క్రెడిట్ ఆఫీసర్‌గా చేస్తోంది. రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. "పొద్దున కాజ టోల్‌గేట్ దాటకముందే మేనేజర్ ఫోన్లు మొదలవుతాయి. రాత్రి కంచం ముందు కూర్చున్నా మోగుతుంది, లేచి డాబా మీదికి వెళ్లిపోతుంది. అందరిముందూ తిడతాడట. చూడని బండిని చూసినట్టు రాయమన్నాడని మొన్న ఏడ్చింది. సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు ఉద్యోగం మానేస్తే ఎలా? ఆ మేనేజర్ మాకు తెలిసినవాళ్ల బంధువే, నేను వెళ్లి మాట్లాడనా? లేక మాన్పించి బ్యాంకు పరీక్షలకు కూర్చోబెట్టనా?" అని అడిగారు.

మాస్టారూ,

చూడని బండిని చూసినట్టు రాయమన్నాడన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. తిట్లు, ఫోన్ల మధ్యలో మీరు దాన్ని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నా జవాబు అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ బండ్ల ఫైనాన్స్‌లోనే చేశాను. ఆటోనగర్ నా ఏరియా. పాత లారీకి అప్పు ఇవ్వాలంటే బండి దగ్గరికి వెళ్లి, ఛాసిస్ మీద పేరుకున్న గ్రీజు, మట్టి గుడ్డతో తుడిచి, నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాలి. అంకెలు ఒక్కొక్కటే కాగితం మీదికి తేలతాయి. ఆ ప్రింటును ఆర్‌సీతో సరిచూసి, ఫైల్లో అంటించి, స్వయంగా చూశానని సంతకం చేయాలి. ఒక మార్చి నెలాఖరున మా మేనేజర్ "టైమ్ లేదు, బ్రోకర్ తెచ్చిన ప్రింటే అంటించి పంపించెయ్, నేను చూసుకుంటా" అన్నారు. అంటించాను, సంతకం పెట్టాను. ఆరు నెలలకు వాయిదాలు ఆగిపోయాయి. తీరా వెళ్లి చూస్తే ఆ నంబరు బండే లేదు. అప్పటికి ఆ మేనేజర్‌కు వేరే ఊరు బదిలీ అయిపోయింది. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఫైలు నా ముందుకు తిప్పి ఒక్కటే అడిగారు, ఈ సంతకం ఎవరిదని. "నేను చూసుకుంటా" అన్న మాట ఏ కాగితంలోనూ లేదు. ఉద్యోగం అయితే దక్కింది. ఇంక్రిమెంట్ ఆగింది, ఏడాది పాటు కంటికి సరిగ్గా నిద్ర లేదు.

అందుకే కోపిష్టి బాస్‌నీ, ఇలాంటి పని చేయించే బాస్‌నీ ఒకే గాటన కట్టొద్దంటాను. కోపిష్టితో నెగ్గుకు రావచ్చు, అతని దగ్గర పని కూడా నేర్చుకోవచ్చు. రెండో రకం దగ్గర మాత్రం మొదటిసారే గట్టిగా నిలబడాలి. ఇప్పటిదాకా అలాంటి సంతకాలు ఏమైనా పెట్టిందేమో అమ్మాయిని అడగండి, కోప్పడకుండా అడగండి. పెట్టకపోతే అంతకంటే కావలసింది లేదు. పెట్టి ఉంటే ఆ బండ్లను ఈ వారమే వెళ్లి చూసి, చూసిన అసలు తేదీతోనే రిపోర్ట్ పైకి పంపాలి. పాత తేదీ వేస్తే అది రెండో తప్పు అవుతుంది.

కాదనడానికి పెద్ద ధైర్యం కూడా అక్కర్లేదు. మేనేజర్ నోటితో చెప్పినదానికి ఒక చిన్న మెయిల్ పెడితే చాలు: "సర్, ఈ బండి ఇంకా చూడలేదు. రేపు పదిన్నరకు ఆటోనగర్ వెళ్లి చూసి మధ్యాహ్నానికి రిపోర్ట్ ఇస్తాను." ఇందులో ఫిర్యాదు లేదు, ఎదురు తిరగడం లేదు. కానీ బండి చూడలేదన్న నిజం తేదీతో సహా అక్కడ ఉండిపోతుంది. ఇలా మెయిల్ వచ్చాక రెండోసారి అడిగే మేనేజర్లు తక్కువ. అయినా అడిగితే పైకి వెళ్లే దారి ఉంది. షేర్ మార్కెట్‌లో ఉన్న (లిస్టెడ్) కంపెనీలు, బ్యాంకుల నుంచి 50 కోట్లు దాటి అప్పు తెచ్చుకున్న కంపెనీలు ఉద్యోగులు ఇలాంటివి చెప్పుకోవడానికి ఒక ఏర్పాటు చేయాలని 2013 కంపెనీల చట్టం కిందే ఉంది. దాన్నే విజిల్‌బ్లోయర్ పాలసీ అంటారు. వాళ్ల కంపెనీ పాలసీ తీసి చదవమనండి. ఒక్క జాగ్రత్త: సాక్ష్యం ఉంటుంది కదా అని కస్టమర్ల ఆధార్, పాన్ కాగితాలను సొంత మెయిల్‌కో ఫోన్‌కో పంపుకోకూడదు. అది తిరిగి తన మెడకే చుట్టుకుంటుంది. ఏ రోజు ఎవరు ఏమన్నారో ఒక నోటుబుక్‌లో రాసుకుంటే సరిపోతుంది.

ఇక ఫోన్లు, తిట్లు. వాయిదా గడువు దాటిన అప్పును 30 రోజులకో మెట్టు చొప్పున లెక్కగడతారు. 90 రోజులు దాటితే మొండి బాకీల్లో పడుతుంది. ఆ లెక్క బ్రాంచ్ నెత్తిన కూర్చుంటుంది. మేనేజర్‌ను ఏరియా మేనేజర్ అడుగుతాడు, ఆయన్ని ఆ పైవాడు అడుగుతాడు. అందుకే మొదటి వారంలో మామూలుగా ఉన్న మనిషే 25వ తేదీ దాటాక మారిపోతాడు. అరవడం సబబని దీన్ని చెప్పడం లేదు. ఎప్పుడు అరుస్తాడో తెలిస్తే ముందే చూసుకోవచ్చు. కాజ దాటకముందే ఫోన్ వస్తోందంటే, బహుశా తొమ్మిదికో తొమ్మిదిన్నరకో అతనికి పైనుంచి రివ్యూ కాల్ ఉండి ఉంటుంది, చేతిలో నంబర్లు లేక టెన్షన్ పడుతుంటాడు. గుంటూరులో బస్సెక్కగానే అమ్మాయే మూడు లైన్ల మెసేజ్ పెట్టాలి. ఈరోజు లాగిన్ అయ్యేవి, అంటే సిస్టమ్‌లోకి ఎక్కే కొత్త అప్పుల ఫైళ్లు ఎన్ని, ఏది ఆర్‌సీ కోసం ఆగింది, ఏది ఈ నెలలో కాదు. ఆ మూడో లైన్ రాయడానికే అందరూ భయపడతారు, దాచిపెడతారు. 8వ తేదీన "కాదు" అంటే చిరాకు పడి ఊరుకునే మనిషే, అదే మాట 28న వింటే ఊగిపోతాడు. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఇది రెండు నెలలు పట్టుదలగా చేసినవాళ్లకు పొద్దుటి ఫోన్లు చాలావరకు తగ్గాయి.

రాత్రిళ్లు కస్టమర్లకు ఫోన్ చేయమంటే చేయకూడదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బకాయిల కోసం అప్పు తీసుకున్నవాళ్లకు ఫోన్ చేయొద్దని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులోనే చెప్పింది. "రేపు ఎనిమిది దాటగానే మొదటి ఫోన్ ఆయనకే సర్" అనమనండి.

అందరిముందూ తిట్టినప్పుడు ఆ నిమిషంలో జవాబు చెప్పొద్దు. సాయంత్రం క్యాబిన్‌లోకి వెళ్లి, "సర్, నాది పొరపాటైతే పిలిచి చెప్పండి, దిద్దుకుంటాను. అందరిలో అంటే ఆ రోజంతా పని నడవట్లేదు" అని చెప్పాలి. గొంతు వణికినా ఫర్వాలేదు, చెప్పాలి. తిట్లు ఆడపిల్లన్న వంక మీదికో, బట్టల మీదికో వెళ్తే మాత్రం ఇంత ఓపిక అక్కర్లేదు. 10 మంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013లోనే చట్టం వచ్చింది. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

మీరు వెళ్లి మాట్లాడటం మాత్రం వద్దు మాస్టారూ. మీ స్కూల్లో కొత్తగా చేరిన టీచరమ్మ తరఫున వాళ్ల నాన్న హెడ్మాస్టరు దగ్గరికి వచ్చి ఉంటే, మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో ఆమెను ఎలా చూసేవారో మీకు తెలియనిది కాదు.

బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షలకు జనరల్ కేటగిరీలో 30 ఏళ్ల దాకా అవకాశం ఉంది కాబట్టి ఇప్పుడే తలుపులేమీ మూసుకుపోవు. అమ్మాయికి ఇష్టమైతే ఉద్యోగం చేస్తూ చదవమనండి. కానీ బాస్ బాధ తప్పుతుందని మాత్రం రాయించకండి. బ్యాంకు బ్రాంచిల్లోనూ డిపాజిట్ల టార్గెట్లు, ఇన్సూరెన్స్ టార్గెట్లు ఉన్నాయి, అరిచేవాళ్లూ ఉన్నారు.

మానాల్సిన రోజు వస్తే మాత్రం ఒక పద్ధతిలో మానాలి. వేరే ఆఫర్ చేతికొచ్చాక రాజీనామా ఇచ్చి, నోటీసు రోజులు పూర్తి చేసి, రిలీవింగ్ లెటర్ తీసుకోవాలి. కోపంలో చెప్పకుండా మానేస్తే తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో అదే అడ్డం పడుతుంది. పీఎఫ్ తీసేయొద్దు, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి మార్పించుకోవాలి. అయితే మెయిల్‌లో కాదన్నాక కూడా దొంగ సంతకాల కోసం ఒత్తిడి ఆగకపోతే, వేరే ఆఫర్ కోసం చూడకుండా బయటికి రావాల్సిందే. పెళ్లివారు ఆ ఖాళీ గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. అందులో తలదించుకోవాల్సింది ఏముంది?

ఆదివారం సాయంత్రానికే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం వారాల తరబడి ఉంటే 14416కు ఫోన్ చేయమనండి. టెలి మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. లేదా దగ్గర్లోని డాక్టర్‌కు చూపించండి.

ఇవాళ రాత్రి ఫోన్ మోగి డాబా మీదికి వెళ్తే, కిందికి వచ్చాక ఏమన్నాడని అడగకండి. అప్పటికి కంచంలో అన్నం చల్లారిపోయి ఉంటుంది, వేడిది వడ్డించండి. సంతకాల సంగతి ఆదివారం పొద్దున తీరిగ్గా అడగండి. అప్పుడే ఆమె అపాయింట్‌మెంట్ లెటర్ కూడా బయటికి తీసి, నోటీసు ఎన్ని రోజులని ఉందో చూసి నాకు రాయండి.