బాణానికి కట్టేది ఈకా, పింజా, పుంఖమా?

సందేహం: మా తాతగారిది రంపచోడవరం దగ్గర అడవి అంచు ఊరు. వేట బాణాలు ఆయనే చేసుకునేవారు. సన్న వెదురు పుల్ల వెనక కొసకి మూడు ఈకలు పెట్టి, దారం చుట్టి, పైన బంక రాసేవారు. మూడూ ఒకే రెక్కలోవి కావాలని పట్టుబట్టేవారు. ఆ జ్ఞాపకాలు రాస్తూ ‘తాత బాణానికి రెక్కలు అతికించేవాడు’ అన్నాను. మా అబ్బాయి ‘రెక్కలు కాదు నాన్నా, పుంఖాలు అనాలి’ అంటున్నాడు. పుంఖం అంటే ఈకేనా? దీనికి తెలుగు మాట లేదా?
– అమలాపురం దగ్గర నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం: మాస్టారూ, తెలుగు మాట ఉంది, చెబుతాను. ముందు మీ అబ్బాయి మాట చూద్దాం. పుంఖం అనే మాట ఈ రోజుల్లో ఒకరి నోట వినడమే నాకు సంతోషం.

పుంఖం అంటే ఏమిటో తెలియాలంటే నిఘంటువు కంటే ముందు కాళిదాసు దగ్గరికి వెళ్ళాలి. రఘువంశం 2వ సర్గ గుర్తుందా? సంస్కృతం మొదలుపెట్టిన ప్రతి తెలుగువాడూ ఒకప్పుడు ఆ సర్గ వల్లె వేసినవాడే. దిలీప మహారాజు వసిష్ఠుడి ఆవు నందినిని కాస్తూ హిమాలయం అందం చూస్తూ ఒక్క క్షణం ఏమరుస్తాడు. గుహలో సింహం ఆవు మీద పడుతుంది. రాజు అమ్ములపొదిలోంచి బాణం తీయబోతాడు. కుడిచెయ్యి వెనక్కి వెళ్ళింది, వేళ్ళు బాణాన్ని అందుకున్నాయి, అంతే, అక్కడే అతుక్కుపోయాయి. 31వ శ్లోకం: ‘నఖప్రభాభూషిత కంకపత్రే సక్తాంగుళిః సాయకపుంఖ ఏవ’. గోళ్ళ కాంతి పడి మెరుస్తున్న కంకపత్రాలు ఉన్న బాణపు పుంఖానికే వేళ్ళు తగులుకుపోయి, ఆ చెయ్యి బొమ్మలో గీసిన చెయ్యిలా ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పొదిలో బాణం ములికి, అంటే మొన, కిందికి, తోక పైకి ఉంటుంది. తీయడానికి చెయ్యి పెడితే ముందు తగిలేది తోకే. అదే పుంఖం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథుడు కూడా దీన్ని బాణపు మూలప్రదేశం అన్నాడు. అల్లెతాడు (వింటి తాడు) పట్టుకునే గాడి కూడా అక్కడే. మరి ఈకలు? వాటికి కాళిదాసు వేరే మాట వాడాడు, కంకపత్రం అని. కంకమనే పక్షి ఈక. ఈ కంకాన్ని కొందరు కొంగ అంటారు, కొందరు గద్ద జాతి అంటారు. విరాటుడి కొలువులో ధర్మరాజు పెట్టుకున్న పేరు కూడా ఇదే. ఆయన్నే మనం కంకుభట్టు అంటాం. అంటే పుంఖం ఒకటి, దానికి ఉన్న పత్రం మరొకటి. ఒకే శ్లోకపాదాల్లో రెండూ విడివిడిగా కనిపిస్తుంటే ఇంకేం రుజువు కావాలి?

పత్రం అనగానే మనకు ఆకు, కాగితం తప్ప తోచవు. అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు ‘పత్రం వాహనపక్షయోః’ అన్నాడు. వాహనమూ పత్రమే, రెక్కా పత్రమే. అందుకే పత్రి అంటే పక్షి, బాణం కూడా. ఖగమన్నా అంతే, పక్షి, బాణం, పైగా సూర్యుడు. బాణపు ఈకకు ఆయన ప్రత్యేకంగా చెప్పిన పేర్లు ‘పక్షో వాజః’. ఈ వాజం ఉన్నది కాబట్టి బాణం వాజి. గుర్రం ఒక్కటే వాజి అనుకుంటాం, పక్షీ బాణమూ కూడా వాజులే. వేటగాడి చేతిలోని పుల్లకి ఈక కట్టగానే అది పక్షి అయిపోయిందని మన పూర్వులు నమ్మారు, భాషలో అలాగే రాసిపెట్టారు. నాకు ఈ వరస ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది. (శరం అనే పేరు మాత్రం గడ్డిది. మన గోదావరి లంకల్లో తెల్లగా పూసే రెల్లుకు దగ్గర చుట్టం.)

పుంఖం మనకు ఇప్పుడు మిగిలింది ఒక్క ‘పుంఖానుపుంఖం’లోనే. ఒక బాణం పుంఖాన్ని తరుముకుంటూ ఇంకో బాణం వెళ్ళడం, అంటే ఎడం లేకుండా ఒకదాని వెనక ఒకటి. ఉత్తరాలు పుంఖానుపుంఖంగా రావచ్చు, ఫోన్లు రావచ్చు. కానీ ‘ఆయనకు పుంఖానుపుంఖాలుగా ఆస్తులున్నాయి’ అని రాస్తున్నారు. ఆస్తులు ఉన్నచోట ఉంటాయి కదండీ, ఏది దేని వెనక వెళుతోంది? బోలెడు అనే చక్కటి మాట ఉండగా దీన్ని ఎందుకు లాగడం? ఒత్తు తీసేసి ‘పుంకానుపుంకాలు’ అని రాసేవాళ్ళని చూస్తే ఇంకా బాధ. ‘ప్రశ్నల బాణాలు సంధించారు’ అనేదీ ఇలాంటిదే. సంధించడమంటే పుంఖాన్ని అల్లెతాటికి కూర్చడం. వదలడం ఆ తర్వాతి పని. అయితే ఈ వాడుక బాగా పాతుకుపోయింది, దీన్ని తప్పని కొట్టేయమని నేను అనను.

ఇక తెలుగు మాట. అది పింజ. కావ్యాల్లో యుద్ధఘట్టాలు చదివినవారికి కొత్త కాదు. బాణపు ఈకల కట్టుకీ, ఆ కట్టు ఉన్న తోకకీ రెంటికీ పనికొస్తుంది. సంస్కృతంలోని పింఛం దీనికి చుట్టమనే నాకు తోస్తుంది. దూదిపింజలో ఉన్నదీ ఆ తేలికదనమే. పిందెను పింజ అనడం, పంచెకు పింజెలు పెట్టడం వేరే సంగతులు.

రెక్క సంగతి మాత్రం మీ తాతగారే తేల్చేశారు. మూడూ ఒకే రెక్కలోవి కావాలన్నారు కదా. ఎడమ రెక్క ఈక ఒక వైపుకీ, కుడి రెక్క ఈక ఇంకో వైపుకీ వంపు తిరిగి ఉంటాయి. కలిపి కడితే ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పబోయి బాణం నిలకడ తప్పుతుంది. ఈకల్నే మీరు రెక్కలంటే ‘ఒకే రెక్కలోని మూడు ఈకలు’ అనే అసలు కిటుకు రాయడానికి మాట ఎక్కడ మిగులుతుంది?

చిన్నప్పుడు పాలకొల్లు వైపు మా ఊళ్ళో కొబ్బరి ఈనెలతో బాణాలు చేసుకునేవాళ్ళం. ఉట్టి ఈనె వదిలితే నాలుగు బారలు వెళ్ళేలోపే అడ్డం తిరిగేది. మా అన్నయ్య పెరట్లో రాలిన కాకి ఈకని బ్లేడుతో కాడ వెంబడి నిలువునా చీల్చి, చెరో సగం ఈనె తోకకి అటూ ఇటూ దారంతో బిగించాడు. ఆ ఈనె తిన్నగా వెళ్ళి అరటి బోదెలో దిగి నిలబడింది. తోకకున్న ఈక గాలికి ఆని వెనకే ఉండిపోతుంది కాబట్టి ములికి ముందే ఉంటుంది. అన్నయ్య ‘ఈక కట్టాను’ అన్నాడు. పింజ అనలేదు, రెక్క అనలేదు.

మీ వాక్యాన్ని ‘తాత బాణానికి ఈకలు కట్టేవాడు’ అని మార్చండి. అతికించడం కాదు, దారంతో చుట్టేవారని మీరే రాశారు, బంక తర్వాతి సంగతి. కావ్యపు వాసన కావాలంటే ఒక్కచోట పింజ వాడండి, పక్క వాక్యంలో అర్థం తెలిసేలా. పుంఖాలు అన్నా పెద్ద దోషమని అనను, నిఘంటువుల్లో ఆ అర్థానికి కొంత చోటు ఉంది. కానీ వేటగాడైన తాత నోట ఆ మాట పలకదు. ఆ ఊళ్ళో ఇంకా పెద్దవాళ్ళు ఉంటే అడిగి, తాతగారు ఆ పనిని ఏమనేవారో తెలిస్తే నాకు రాయండి. నేను చెప్పిన మాటలన్నీ పక్కనబెట్టి దాన్నే మీ పుస్తకంలో వేసుకోవచ్చు.