దయ్యం వేలు ఎటు చూపిస్తే అటు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నింటెండో కంపెనీ ఆటల్లోని బొమ్మలు ఒకచోట చేరి కొట్టుకునే స్మాష్ బ్రదర్స్ ఆడుతుంటే ఊరూ పేరూ తెలియని బొమ్మలు వచ్చి పోతున్నాయని, అవి ఏ పాత ఆటల్లోవో జాబితా రాసి పంపమని అడిగావు. పంపను. పంపితే ఒకసారి చదివి మరిచిపోతావు. వాటిని నువ్వే ఎలా పట్టుకోవాలో మాత్రం రాస్తున్నాను.

తొంభైల్లో మీ నాన్నా నేనూ టీవీకి తగిలించే గేమ్ డబ్బాతో ఆడేవాళ్లం. అది నింటెండో వాళ్ల ఫామికామ్ అనే గేమ్ యంత్రానికి నకలని అప్పుడు మాకేం తెలుసు? క్యాసెట్ మీద వేలకొద్దీ ఆటలని రాసి ఉండేది. నిజానికి ఉన్నవి ముప్ఫయ్యో నలభయ్యో. అందులో ఒకటి, మంచుకొండ ఎక్కుతూ నెత్తిమీది ఇటుకల్ని సుత్తితో పగలగొట్టే ఆట. దానికి మేం పెట్టుకున్న పేరు సుత్తి ఆట. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో 2001 నాటి స్మాష్ బ్రదర్స్ మెలీ చూశాను. అందులో బొచ్చుకోట్లు వేసుకున్న జంట సుత్తులు ఊపగానే, ‘అరే, మన సుత్తివాళ్లు!’ అని అరిచాను. అసలు ఆట పేరు ఐస్ క్లైంబర్ అని, 1985 నాటిదని ఆ రోజే తెలిసింది. ఇందుకే చెబుతున్నాను, పేరు వెతకడానికి ముందు ఆ బొమ్మ చేసే పని చూడు. స్మాష్ బ్రదర్స్ ఆటలు చేసిన సకురాయ్ మసహిరో బృందం పాత ఆట నియమాన్నే కొత్త బొమ్మ చేష్టలో దాచిపెడుతుంది.

దయ్యం సంగతే తీసుకో. సహాయానికి ఒక బొమ్మను పిలిచే అసిస్ట్ ట్రోఫీ అనే వస్తువును ఎత్తి పట్టుకుంటే ఒక్కోసారి కొమ్ములున్న దయ్యం వస్తుంది. ఎవరినీ కొట్టదు. వేలు చూపిస్తుంది, అంతే. తెర మొత్తం అటు జరుగుతుంది, అంచున ఉన్నవాళ్లు గల్లంతవుతారు. దాన్ని పిలిచినవాడికీ మినహాయింపు లేదు. ఇదేం సహాయమని విసుక్కున్నావు కదా? 1984 నాటి డెవిల్ వరల్డ్ ఆడి చూడు. అందులో ఒక చిన్న డ్రాగన్ శిలువ పట్టుకుని దారుల్లో చుక్కలు తింటూ తిరుగుతుంది. పైన కూర్చున్న దయ్యం ఎటు వేలు చూపిస్తే చిక్కుదారుల గోడలన్నీ అటు కదులుతాయి. గోడకూ తెర అంచుకూ మధ్య ఇరుక్కుంటే ప్రాణం పోయినట్టే. ఆ ఆటలోని భయమంతా ఒక్క వేలి సైగలోకి తెచ్చారు. మారియోను సృష్టించిన మియామోతోకు ఇందులోనూ చేయి ఉంది. శిలువా బైబిలూ ఉన్నందువల్ల అప్పట్లో అమెరికాలో దాన్ని విడుదల చేయలేదు. అందుకే అక్కడి పిల్లలకూ ఆ దయ్యం నీకు లాగే అయోమయం. ఇప్పుడది నింటెండో స్విచ్ ఆన్‌లైన్ అనే చందా సేవలోని పాత ఆటల్లో దొరుకుతుంది.

ఇక పేర్ల దగ్గర జాగ్రత్త. ఒకే ఆటకు దేశానికో పేరు, వేషం ఉంటాయి. కొడితే ఎదుటివాడి తల మీద పువ్వు మొలిచే మంత్రదండం ఉంది కదా, అది లిప్ అనే అమ్మాయిది. ఆమె ఆట పానెల్ దె పోన్, 1995లో జపాన్‌లో వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాకు పంపేటప్పుడు ఆ అమ్మాయినీ ఆమె నేస్తాలనూ తీసేసి మారియో ఆటల్లోని యోషీని పెట్టి టెట్రిస్ అటాక్ అన్నారు. టెట్రిస్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. జపాన్ పేరు, విదేశీ పేరు, రెండు చోట్లా వచ్చిన సంవత్సరాలు విడివిడిగా రాసుకో. విదేశీ గడి ఖాళీగా ఉన్నా బెంగ వద్దు. మెలీలో అయుమి తాచిబానా అనే అమ్మాయి ట్రోఫీగా, అంటే పోగుచేసుకునే కదలని బొమ్మగా, నిలబడి ఉంటుంది. ఆమె 1988 నాటి ఫామికామ్ డిటెక్టివ్ క్లబ్‌లో పాత్ర. ఆ ఆట జపాన్ దాటి అధికారికంగా బయటికి వచ్చింది 2021లో!

కదలని బొమ్మల విషయంలో నా పద్ధతి చెల్లదు. మెలీ మొదలుకొని 2014 నాటి భాగం దాకా ట్రోఫీల కింద నాలుగు మాటలు రాసేవారు, అవి చదివితే సరిపోయేది. 2018 నాటి అల్టిమేట్‌లో ట్రోఫీలకు బదులు వెయ్యికి పైగా స్పిరిట్లు, అంటే పాత్రల చిత్రాలు, పెట్టి, ఆ నాలుగు మాటలూ ఎత్తేశారు. నాకు ఇప్పటికీ కోపమే. అక్కడ ఒక్కో స్పిరిట్‌ను గెలుచుకోవడానికి పోరు పెట్టిన తీరును చూడాలి. ఏ యోధుణ్ణి నిలబెట్టారు, ఏ రంగు బట్టలు, ఏ స్టేజి, ఏ పాట. ఆ స్పిరిట్ ఎవరో మూకాభినయం చేసి చూపిస్తున్నారనుకో. విప్పలేకపోతే అప్పుడు వెతుకు, తప్పులేదు.

దొరికిన ప్రతి ఆటనూ అరగంటైనా ఆడు. అన్నీ బాగుంటాయని మాత్రం అనుకోకు. అర్బన్ చాంపియన్ నాకు రెండు నిమిషాల్లో మొహం మొత్తింది. జాయ్ మెక్ ఫైట్ మొదలుపెడితే మాత్రం నిద్ర మానుకుంటావు. అందులో సుకపోన్ అనే రోబోకు తల, చేతులు, కాళ్లు విడివిడిగా గాలిలో తేలుతుంటాయి, కీళ్లే ఉండవు. అంత పెద్ద బొమ్మను కీళ్లతో సహా గీసి కదిలించే శక్తి ఫామికామ్‌కు లేదు, ఆ లోటునే అందంగా మలిచారు. సిన్ అండ్ పనిష్‌మెంట్‌కు భాషా భయం అక్కర్లేదు, 2000లో జపాన్‌కే చేసినా మాటలు ఇంగ్లీషులోనే పెట్టారు.

ముందు దయ్యంతో మొదలుపెట్టు. సెలవులకు వస్తే సుత్తి ఆట అసలుది చూపిస్తాను, క్యాసెట్ ఇంకా అటక మీదే ఉంది. అడాప్టర్ కాలిపోయింది, ఒకటి వెంట తెచ్చుకో. మీ నాన్నకు చెప్పకు, రెండో కంట్రోలర్ తనదేనని తగువుకు వస్తాడు.

మీ పెదనాన్న