ట్యాబ్ చూసి జాజ్ వాకింగ్ బేస్ వస్తుందా?

ప్రశ్న: ట్యాబ్ (గీతలు స్ట్రింగులు, అంకెలు ఫ్రెట్లు అన్నట్టు రాసే కాగితం) చూసి బేస్ గిటార్ మీద వాకింగ్ లైన్లు (బీట్‌కు ఒక నోట్ చొప్పున నడిచే వరసలు) బట్టీ పట్టాను. కార్డులు (కలిపి మోగే నోట్ల గుంపులు) మారితే మాత్రం చెయ్యి ఆడట్లేదు. ట్యాబ్ మానేయాలా?

మానేయక్కర్లేదు. వేలు ఎక్కడ పెట్టాలో ట్యాబ్ చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ రెండోది మీరే పెన్సిల్‌తో రాసుకోవాలి: బార్ (నాలుగు బీట్ల గడి) పైన కార్డ్ పేరు, ప్రతి అంకె కింద నోట్ పేరు, అది ఆ కార్డ్‌లో ఎన్నోదో. డి మైనర్ సెవెన్, జి సెవెన్ ఒక్కో బార్, సి మేజర్ సెవెన్ రెండు బార్లు:

జి |----2-1-|--------|--------|--------|
డి |--3-----|5-3-----|--2-5-2-|--------|
ఎ |5-------|----5-4-|3-------|3-----4-|
ఇ |--------|--------|--------|--3-5---|

బీట్‌కు ఒక నోట్. మొదటి బార్‌లో డి, ఎఫ్, ఎ ఆ కార్డ్‌లోని 1, 3, 5. నాలుగోది ఎ ఫ్లాట్, కార్డ్‌లో లేనిది. కానీ తర్వాతి బార్ మొదట్లో వచ్చే జికి అర మెట్టే పైన ఉంది కాబట్టి చెవిని అటు లాగుతుంది. ఇప్పుడు ఎ స్ట్రింగ్ 4వ ఫ్రెట్ చూడండి: రెండో బార్ చివర అది కిందికి సిలోకి దిగుతుంది, నాలుగో బార్ చివర అదే నోట్ పైకి, లైన్ మళ్లీ మొదలయ్యే డిలోకి ఎక్కిస్తుంది. కిటుకంతా ఇందులోనే ఉంది. (కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు ఇక్కడే తడబడతారు: అక్కడ షడ్జమం కదలదు, ఇక్కడ కార్డ్ మారినప్పుడల్లా 1 మారుతుంది.)

లైన్ చేతికి వచ్చాక నాలుగో బీట్ ఒక్కటే మార్చండి. ఎ ఫ్లాట్ బదులు డి స్ట్రింగ్ 4, అంటే ఎఫ్ షార్ప్. రెండో బార్ చివర ఎ స్ట్రింగ్ 2, అంటే బి. తర్వాత 2, 3 బీట్ల నోట్లు తారుమారు చేయండి. ఓపెన్ స్ట్రింగ్ ఎక్కడా లేదు కాబట్టి మొత్తం రెండు ఫ్రెట్లు పైకి జరిపితే డి మేజర్‌లో అదే లైన్.

మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 40లో పెట్టి, ఆ క్లిక్‌లను 2, 4 బీట్లుగా లెక్కపెట్టండి. అసలు వేగం 80 అవుతుంది. తర్వాతి నోట్ మోగేదాకా ఎడమ వేలు ఎత్తకండి. చాలామంది లైన్ తెగిపోయినట్టు వినిపించేది వేగం చాలక కాదు, వేలు ముందే లేవడం వల్ల. నోట్ ఎంతసేపు నిలవాలో మామూలు ట్యాబ్‌లో ఉండదు కూడా.

నెట్‌లో దొరికే ట్యాబ్‌లోని ఫ్రెట్ నంబర్లను వేదవాక్యంగా తీసుకోవద్దు. జాజ్ బేసిస్టులు పాల్ చాంబర్స్, రే బ్రౌన్ వాయించింది ఫ్రెట్లు లేని డబుల్ బేస్. ఆ స్థానాలు ట్యాబ్ రాసినవాళ్లు ఎంచుకున్నవే. 3 తర్వాత 10, మళ్లీ 2 అని కనిపిస్తే అదే నోట్‌ను పక్క స్ట్రింగ్ మీద వెతకండి: ఐదు ఫ్రెట్లు తగ్గించి, ఒక సన్న స్ట్రింగ్‌కు జరగండి.