రన్ నొక్కే ముందు పెన్ను పట్టుకో

అమ్మలూ,

జావా ప్రోగ్రామింగ్‌లో ఒరాకిల్ కంపెనీ ఇచ్చే సర్టిఫికేషన్ పరీక్ష రాద్దామనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. ఎలా చదవాలో చెప్పమన్నావు కదా, ముందు నేనెందుకు ఫెయిలయ్యానో చెబుతాను.

మొదటిసారి రాసేటప్పటికే నాకు ఉద్యోగంలో ఆరేళ్ల అనుభవం ఉంది. రోజూ రాసే కోడే కదా అన్న ధీమాతో పుస్తకం ఒకసారి తిరగేశాను. ప్రాక్టీస్ ప్రశ్న చదవడం, జవాబు చూడడం, ‘ఇది నాకు తెలిసిందే’ అనుకోవడం. అంతే నా ప్రిపరేషన్. తీరా పరీక్షలో కూర్చుంటే, ఇరవై లైన్ల కోడ్ ఇచ్చి దీని అవుట్‌పుట్ ఏమిటని అడిగారు. ఆప్షన్లలో ‘కంపైల్ కాదు’, అంటే కోడ్‌లోనే తప్పుంది, అసలు నడవదు అన్నదీ ఒకటి. అక్కడ ఎర్రగీత పెట్టి హెచ్చరించే ఎడిటర్ లేదు. ఆరేళ్లుగా నా బదులు ఎడిటరే చూసిపెడుతున్న సంగతులన్నీ ఆ రోజు నన్ను అడిగారు.

రెండోసారికి ఒక్క పద్ధతే మార్చుకున్నాను. కోడ్ ఏదైనా సరే, అవుట్‌పుట్ ఏం వస్తుందో ముందు నోట్‌బుక్‌లో పెన్నుతో రాసి, ఆ తర్వాతే రన్ చేసేవాణ్ణి. తప్పితే, ఎందుకు తప్పిందో దాని కిందే నా మాటల్లో రాసేవాణ్ణి.

ఆ నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉన్న పేజీ ఒకటి చెబుతాను. ఇంటీజర్ ఆబ్జెక్టులు రెండు తీసుకుని, రెండింటికీ 127 ఇచ్చి డబుల్ ఈక్వల్స్ గుర్తుతో (==) పోల్చు. ట్రూ వస్తుంది. అదే కోడ్‌లో 127 తీసి 128 పెట్టు. ఫాల్స్! మైనస్ 128 నుంచి 127 దాకా ఉన్న అంకెలకు జావా ముందే ఆబ్జెక్టులు చేసి ఉంచుకుంటుంది, ఎవరడిగినా వాటినే ఇస్తుంది. 128కి మామూలుగా రెండు వేర్వేరు ఆబ్జెక్టులు తయారవుతాయి. డబుల్ ఈక్వల్స్ చూసేది ఆబ్జెక్టు ఒకటేనా అని, లోపలి విలువను కాదు. నేను రెండింటికీ ట్రూ అని రాసుకున్నాను. ఇలాంటి తప్పు ఆఫీసు కోడ్‌లోనూ దొర్లుతుంది. చిన్న అంకెలతో టెస్ట్ చేసినన్నాళ్లూ బయటపడదు.

స్ట్రీమ్స్ మీద, అంటే డేటాను ఒక్కో మెట్టుగా నడిపించే కోడ్ మీద ఎక్కువ రోజులు పెట్టు. మధ్యలో వెళ్లే విలువల్ని చూడ్డానికి వాడే పీక్‌లో ప్రింట్ పెట్టి, చివర కౌంట్, కలెక్ట్ లాంటి టెర్మినల్ ఆపరేషన్ ఏదీ లేకుండా వదిలేస్తే ఏమొస్తుందో ముందు ఊహించు. స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా పడదు. ఎందుకో నేను చెప్పను, నీ నోట్‌బుక్‌లో నువ్వే రాయి. రికార్డులు, సీల్డ్ క్లాసులు, స్విచ్ ఎక్స్‌ప్రెషన్లు తొందరగానే వచ్చేస్తాయి. మాడ్యూల్స్, లోకలైజేషన్ విసుగ్గా ఉంటాయి కానీ వదలకు, వాటి మీదా ప్రశ్నలొస్తాయి.

నేను ఆ తర్వాత రాసిన జావా 17 పరీక్షలో 50 ప్రశ్నలకు 90 నిమిషాలిచ్చారు, పాసవ్వాలంటే 68 శాతం రావాలి. అంటే ప్రశ్నకు రెండు నిమిషాలు కూడా లేవు. నువ్వు ఏ వెర్షన్ రాస్తావో దాని వివరాలు ఒరాకిల్ సైట్‌లో చూసుకో. పొడుగాటి కోడ్ కనిపిస్తే పైనుంచి చదువుకుంటూ రాకు. ముందు ఆప్షన్లు చూడు, ‘కంపైల్ కాదు’ అని ఉంటే ఇంపోర్టులు, టైపులు, ఎక్సెప్షన్లు పట్టి చూడు. తేలకపోతే మార్క్ చేసి ముందుకెళ్లు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు.

ఇంకొక్క మాట. అసలు పేపరే ఇదంటూ డంప్స్ పంపేవాళ్లు ఉంటారు. ముట్టుకోకమ్మా. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో ‘ఇది ఎందుకు ఫాల్స్ వచ్చింది?’ అని అడిగినప్పుడు నీ దగ్గర మాట ఉండదు. అలా తెల్లమొహం వేసిన కుర్రాళ్లను ఇంటర్వ్యూ చేశాను, వాళ్లను చూస్తే బాధేసింది.

పరీక్ష తేదీ ఇప్పుడే బుక్ చేసేయకు. కొత్త ప్రాక్టీస్ పేపర్లు వరసగా మూడింట్లో 80 శాతం దాటాక చెయ్యి. పరీక్షకు ముందు వారం కొత్త టాపిక్ ఏదీ తెరవకు, నోట్‌బుక్‌లో నువ్వు తప్పిన పేజీలే చదువుకో.

ఈ రోజే నోట్‌బుక్ మొదలుపెట్టు. స్ట్రీమ్స్ పేజీ రాయగానే ఫోటో తీసి పంపు, ఆదివారం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ బాబాయి