వెనక నోటు అంచు కనపడుతోంది సార్!
దగ్గరి మ్యాజిక్ (చూసేవాళ్ల ముందే నిలబడి చేతుల్లో చేసే గారడి) మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: వీడియో పాఠం కొనుక్కొని నోటు మార్చే ట్రిక్కు నేర్చుకున్న. పది నోటు మడిచి తెరిస్తే ఐదువందలైతది. అద్దం ముందర మంచిగనే వస్తది గని, మొన్న దావత్‌ల ముందు నిలబడ్డ పిల్లగాడు "వెనక ఇంకో నోటున్నది" అని ఒర్రిండు. తప్పు నా చేతిలనా, పాఠంలనా?
(మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు)

జ: తప్పు పది నోటుది. ముందే మడిచిన ఐదువందలను దాని వెనక దాచుతారు కదా. ఈ పాఠాలు ఎక్కువగా డాలరు పట్టుకొని తీసినవి. అక్కడ ఒక డాలరైనా వంద డాలర్లైనా నోటు సైజు ఒకటే. మన దగ్గర విలువ పెరిగినకొద్దీ నోటు పెరుగుతుంది. ఇప్పటి పది నోటు 123 × 63 మిల్లీమీటర్లు, ఐదువందలది 150 × 66. పొడవును రెండుసార్లు, వెడల్పును ఒకసారి సగానికి మడిచి కొలవండి. పది నోటు పొట్లం దాదాపు 31 × 31, ఐదువందల పొట్లం 37 × 33 వస్తుంది. చిన్నది ముందు, పెద్దది వెనక. ఆరు మిల్లీమీటర్లు బయటికి తొంగి చూస్తుంది, అదీ చాక్లెట్ రంగు పక్కన బూడిద రంగు. పిల్లలు కింది నుంచి చూస్తారు కాబట్టి మొదట వాళ్లకే దొరుకుతారు.

వందను ఐదువందలుగా మార్చండి. కొత్త వంద 142 × 66. వెడల్పు సమానం, మడిచాక పొడవులో రెండే మిల్లీమీటర్ల తేడా. ఇంకా మేలైనది పాత వంద. అది 157 × 73, మడిస్తే 39 × 36. ఐదువందల పొట్లాన్ని పూర్తిగా కప్పేస్తుంది. పాత వంద ఇప్పటికీ చెల్లుతుంది. మెత్తబడ్డవి రెండు మూడు చేతికొస్తే కూరగాయలకు ఇచ్చెయ్యకుండా పక్కన పెట్టుకోండి.

ఇక మడత. ఐదువందల పొట్లం వంద నోటు వెనక, కుడి పై మూలకు సరిగ్గా ఆని, మీ కుడి బొటనవేలు కింద ఉంటుంది. నోటు ఎడమ సగాన్ని చూసేవాళ్ల వైపు నుంచి కుడి సగం మీదికి మడవండి. మళ్లీ అట్లనే ఇంకోసారి. తర్వాత కింది సగం పైకి. ఇప్పుడు వంద పొట్లం, దాని వెనక ఐదువందల పొట్లం వీపూ వీపూ ఆనుకొని ఒకే ముద్దలా ఉంటాయి. పై అంచు, కుడి అంచు కలిసి ఉండాలి. కొత్త వందతో చేస్తే మిగిలే ఆ రెండు మిల్లీమీటర్లు ఎడమ పక్కన వస్తాయి, అక్కడ ఎడమ చేతి వేళ్ల కొసలు అడ్డం ఉంచండి. ముద్దను తిప్పి తెరవడమే మిగిలింది. తిప్పడం వేరు, తెరవడం వేరు అయితే మధ్యలో ఒక క్షణం ఆగుతారు, అక్కడే చూపు పడుతుంది. తిప్పుతుండగానే మొదటి మడత విప్పుకోవాలి. ఐదువందలు పూర్తిగా తెరుచుకుంటే దాని వెనక వంద పొట్లం హాయిగా దాక్కుంటుంది.

కరకరలాడే కొత్త ఐదువందలు వద్దు. మడత విప్పుకొని స్ప్రింగులా లేస్తుంది. మడిచి ఒక రాత్రి బరువైన పుస్తకం కింద పెట్టండి. చివర్లో నోటు ఎడమ చేత్తో ఇవ్వండి, కుడి చెయ్యి పెన్ను కోసమన్నట్టు జేబులోకి పోతుంది, పొట్లం అక్కడ దిగిపోతుంది. అప్పు తీసుకున్న నోటు మీద సంతకం పెట్టించొద్దు. నోట్ల మీద రాయొద్దని రిజర్వ్ బ్యాంకు చెబుతూనే ఉంది, పైగా ఆ సంతకం మీ జేబులోకే పోతుంది. ఎవరైనా ఫోన్‌తో నోటు నంబరు ఫొటో తీస్తుంటే ఆ రోజుకు ఈ ఐటం వదిలెయ్యండి.

ప్ర: రుమాలు దాచి మాయం చేసే బొటనవేలి తొడుగు తెప్పించిన. గులాబీ రంగుల ఉంది, నా చెయ్యేమో చామనఛాయ. మాది నేత ఇల్లు, పట్టు గుడ్డకు కొదవ లేదు. అయినా రుమాలు తొడుగులకు పోతలేదు.
(గద్వాల)

జ: రంగు గురించి అంత బెంగ వద్దు. దొరికిపోయేది మెరుపుతో. సన్నటి ఉప్పుకాగితంతో పైపైన రుద్ది నిగారింపు తీసెయ్యండి. తొడుగు ఉన్న బొటనవేలిని నిటారుగా లేపితే ఎంత మంచి రంగైనా తెలిసిపోతుంది. వేలి కొస చూసేవాళ్ల కళ్లలోకి గురిపెట్టినట్టు ఉంచితే వాళ్లకు గుండ్రటి చుక్క తప్ప పొడవు కనపడదు. మిగతా నాలుగు వేళ్లు కదులుతూ ఉండాలి. బొటనవేలిని దాచాలని పిడికిలి బిగించుకుంటే "ఏముంది అందులో" అని మీరే అడిగించుకున్నట్టు.

రుమాలు సంగతి వేరే. గద్వాల చీర కొంగు పట్టు జరీతో దట్టంగా ఉంటుంది, మడత పడితే లావెక్కుతుంది. కావాల్సింది ఊదితే ఎగిరేంత పలచటి పట్టు. అట్లాంటిదైతే తొమ్మిది అంగుళాల చదరం మామూలు తొడుగులో పడుతుంది. కొంచెం మందంగా ఉంటే ఆరు అంగుళాలకు తగ్గించండి. అంచు మిషన్ మీద మడిచి కుడితే ఆ కుట్టే సగం చోటు తింటుంది. మీ ఇంట్లో చేతి కుట్టు వచ్చినవాళ్లుంటే వేళ్లతో చుట్టి కుట్టించండి. గుడ్డ మొత్తం కూరాక తొడుగులో వేలి గోరు మునిగేంత ఖాళీ మిగలాలి, లేకపోతే వేలు పట్టదు. కూరడం ఒక మూలతో మొదలుపెట్టండి, ఎదురు మూల చివరన పైకి ఉండాలి. మధ్యలో పట్టుకొని కూరితే బయటికి లాగేటప్పుడు తొడుగు కూడా వెంట వస్తుంది.

ప్ర: మణికట్టుకు వేసుకొని నోటును గాల్లో తేలించే, కనపడని సాగే దారం లూపులు డబ్బా తెప్పించుకుంటే వారంలో అన్నీ తెగినయ్. నకిలీవా?
(దేవరకొండ)

జ: నకిలీవే అనలేం. బండి డిక్కీలో పెట్టుకొని తిరిగారా? మన ఎండకు ఆ దారం సత్తువ పోతుంది. ఇంట్లో నీడన ఉంచి, ఆ రోజుకు కావాల్సినవే వెంట తీసుకెళ్లండి. గోళ్ల అంచులు అరగదియ్యండి, వాచీ తీసెయ్యండి. చెమట చేతికి లూపు అతుక్కుంటుంది, విడదీసేటప్పుడు తెగుతుంది. పొడి గుడ్డతో మణికట్టు తుడుచుకున్నాకే ఎక్కించండి. ఒకటి తెగితే ఇంకోటి ఉండేలా రెండు వేసుకోవడం అలవాటు చేసుకోండి.

ఫంక్షన్ హాల్లో దీనికి ఇద్దరు శత్రువులు. ఒకటి పైన తిరిగే ఫ్యాను, తేలే నోటు పక్కకు కొట్టుకుపోతుంది. రెండోది పెళ్లి వీడియో లైటు. ఆ లైటు పక్క నుంచి పడితే దారం తళుక్కుమంటుంది. గళ్ల చొక్కా వేసుకొని, లైటు పక్క నుంచి, వెనక నుంచి పడకుండా చూసుకొని, స్టేజీకి దూరంగా చెయ్యండి.

ప్ర: కిరాణం షాపుల దొరికే ప్లాస్టిక్ పేకతో రెండు ముక్కలు ఒక్కటిగ లేపుడు వస్తలేదు. పౌడర్ చల్లితే ఇంకా అతుక్కుంటున్నయ్.
(జడ్చర్ల)

జ: ముఖానికి రాసుకునే పౌడర్ చెమట పీల్చుకొని ఉండలు కడుతుంది. ముక్కలకు వాడేది జింక్ స్టియరేట్, అది నీటిని దగ్గరికి రానివ్వదు. అర చెంచా చాలు. ఒక్కొక్క ముక్కకూ మెత్తటి గుడ్డతో రాసి, మళ్లీ పొడి గుడ్డతో తుడిచెయ్యండి. ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని చెయ్యండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అయితే నున్నటి ప్లాస్టిక్ ముక్కల మీద ఇంత కష్టం దేనికన్నది మా అభిప్రాయం. బైసికిల్ బ్రాండు లాంటి కాగితం ముక్కల మీద సన్నటి గుంతల అచ్చు ఉంటుంది, ఆ గాలి వల్ల ముక్క ముక్క మీద జారుతుంది. పోకర్ సైజు 63 × 88 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ సైజు 57 × 88. చిన్న చేతులకు రెండోదే హాయి. వానకాలంలో కాగితం ముక్కలు తేమకు వంగుతాయి, కట్టను బిగుతుగా నొక్కి ఉంచే క్లిప్పులో పెట్టండి.

లేపడం దగ్గర అందరూ చేసే తప్పు ఒకటే, లేపే సమయానికి లెక్కపెట్టడం. పేరడిగి వాళ్లు జవాబు చెప్పేలోపే పై రెండు ముక్కల కింద చిటికెన వేలి కండ దూర్చి సందు పెట్టుకోవాలి. తర్వాత లేపడానికి చూడాల్సిన పనే ఉండదు. ఇంకోమాట, దావత్‌లో కట్ట బయటికి తీస్తే నలుగురు పెద్దమనుషులు రమ్మీకి కూర్చుంటారు. మీ కట్ట మీకు తిరిగి రాదు.

ప్ర: అయస్కాంతం ఉన్న నాణేల సెట్టు కొన్న. మన రూపాయితో చేస్తే అనుకోకుండనే అతుక్కుంటున్నది. మన నాణేన్నే లేత్ మీద కోపిచ్చి సెట్టు చేసుకోవచ్చా?
(మహబూబ్‌నగర్)

జ: ఆ సెట్టు అమెరికా అర డాలరు కోసం చేసింది. దాని వెడల్పు 30.6 మిల్లీమీటర్లు, అయస్కాంతానికి అతుక్కోదు. ఇప్పటి మన రూపాయి, రెండు రూపాయలు స్టీలు, టక్కున అతుక్కుంటాయి. రెండు రంగుల పది రూపాయల నాణెం అతుక్కోదు, 27 మిల్లీమీటర్ల వెడల్పుతో అరచేతిలో దాచడానికీ బాగుంటుంది. ఐదు రూపాయల్లో కొన్ని స్టీలువి, కొన్ని కావు. ఒక్కొక్కటి అయస్కాంతం దగ్గర పెట్టి ఏరుకోండి. అతుక్కునే రూపాయిని కూడా పారెయ్యకండి. విడిగా ఒక అయస్కాంతం ఉంటే దానికి వేరే సెట్టే అక్కర్లేదు.

కోయించడం మాత్రం వద్దు. 2011 నాణేల చట్టం నాణేలను కరిగించడం, పాడుచేయడం నిషేధించింది, జైలు శిక్ష కూడా ఉంది. ఆ చిన్న గట్టి అయస్కాంతాలు పిల్లల చేతికి అందనియ్యకండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కొని పేగుకు రంధ్రం చేస్తాయి.

ప్ర: ట్రైలర్ చూసి ట్రిక్కు కొంటే సగం పెట్టెలోనే పడి ఉంటున్నయ్. కొనేముందు ఏం చూడాలె?
(నల్లగొండ)

జ: అసలు క్షణంలో కెమెరా కోణం మారిందా అన్నది మొదట చూడండి. మారితే అక్కడేదో మీకు చూపించలేదు. చేసేవాడు బల్ల ముందు కూర్చున్నాడా, నిలబడ్డాడా? మన దిక్కు మీరు నిలబడే ఉంటారు, వెనక కూడా జనం ఉంటారు, చూసేవాళ్ల ఒక చేతిలో బిర్యానీ ప్లేటు ఉంటుంది. "ఈ చెయ్యి చాపండి, ఆ చెయ్యి మూయండి" అనే ట్రిక్కు అక్కడ నడవదు. ఒక గుంపు దగ్గర అయ్యాక మళ్లీ సిద్ధం చేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో అమ్మేవాళ్లను అడగండి. నిమిషం దాటితే పది గుంపుల దావత్‌కు పనికిరాదు. ఫోన్ యాప్ ట్రిక్కులైతే నెట్ లేకుండా నడుస్తాయా అన్నది అడిగి కొనండి.

ప్ర: నిప్పు తగలగానే భగ్గుమని మాయమయ్యే ఫ్లాష్ పేపర్ ఇంట్లో చేసుకోవచ్చా?
(వనపర్తి)

జ: చేసుకోవద్దు. ఆమ్లాలతో తయారయ్యే నైట్రోసెల్యులోజ్ అది. కొన్నదైనా తడిగానే దాచి, ఆ పూటకు కావాల్సిన ముక్కే ఎండకు పెట్టకుండా నీడన ఆరబెట్టుకోండి. జేబులో వేసుకోకండి. పందిట్లో, పట్టుచీరల పక్కన అసలే వెలిగించకండి.